మీకు తెలుసా? బురద చేతికీ పలికే తెర

ఫోన్ తెర మీద నాలుగు నీటి చుక్కలు పడితే చాలు, వేలి మాట వినదు. మరి ఎక్స్‌కవేటర్, వరికోత యంత్రాల్లోని టచ్ తెరలు దుమ్ములో, వానలో ఎలా పనిచేస్తాయి? వాటిలో రెసిస్టివ్ రకానికి రెండు పలుచని పొరలుంటాయి. నొక్కితే అవి ఒకదానికొకటి తగులుతాయి. కావలసింది ఒత్తిడే కనుక మందపాటి గ్లోవ్స్ వేసుకున్నా, చేతికి బురద అంటినా ఫర్వాలేదు. కార్మికుడి చేతిని ఎరిగి చేసిన గొప్ప ఏర్పాటిది!

ఇంజిన్ వేడి, ఆయిల్ ప్రెషర్ వంటి వివరాలు తెరకు ఎక్కువగా క్యాన్ బస్ అనే సమాచార వ్యవస్థ ద్వారా చేరతాయి. బాష్ సంస్థ దాన్ని 1986లో లోకానికి పరిచయం చేసింది.

తెరకు ఐపీ67 అనే రక్షణ రేటింగ్ ఉంటే దుమ్ము చొరబడదు, మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు మునిగినా తట్టుకుంటుంది. అయితే ప్రెషర్ వాషర్ ధారకు ఆ హామీ వర్తించదు. యంత్రాన్ని అలా కడిగేవారు ఐపీ69కె రేటింగ్ ఉన్న తెరనే ఎంచుకోండి.