ముడులున్న టేకు: పొయ్యిలోకా, గోడ మీదికా?

గోదావరికి ఇరువైపులా విస్తరించిన పూర్వపు కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు టేకుకు పెట్టింది పేరు. అడవుల్లోనే కాక రైతుల పొలం గట్లపైన, మెట్ట భూముల్లో కూడా టేకు పెరుగుతున్నది. అయితే చెట్టు విలువ గురించి రైతుకున్న అంచనాకు, దుంగ సామిల్లుకు చేరినప్పుడు లభించే ధరకు మధ్య పెద్ద అంతరం ఉంటుంది. ముడులు ఎక్కువగా ఉన్న సన్నని దుంగలను ద్వారబంధాలకు పనికిరావని పక్కన పెడతారు. వాటిలో అధిక భాగం చివరకు గుంజలుగానో వంటచెరకుగానో మారుతుంది. ఈ తిరస్కారం ఎంతవరకు సమంజసమో పరిశీలించవలసి ఉన్నది.

ముడి అంటే ఏమిటి?

కాండం లావెక్కే క్రమంలో కొమ్మ మొదలు దానిలో పూడుకొనిపోయిన చోటే ముడి. కొమ్మ సజీవంగా ఉండగా ఏర్పడిన ముడి చుట్టూ ఉన్న చెక్కతో ఏకమై గట్టిగా నిలుస్తుంది. ఎండిపోయిన కొమ్మ చుట్టూ కాండం పెరిగితే ఏర్పడే ముడి చుట్టుచెక్కతో అతకదు. కలప ఆరిన తరువాత వదులై ఊడిపోతుంది. మొదటిది రూపంలోని భేదం, రెండవది నిజమైన లోపం. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే తక్కువ ధరకు ఒక ప్రధాన కారణం.

ముడి చుట్టూ నారపోగులు వంకర తిరుగుతాయి. అందువల్ల బరువు మోసే దూలంలో, ముఖ్యంగా దాని అడుగు అంచున ముడి ఉంటే బలం గణనీయంగా తగ్గుతుంది. కానీ గోడకు తొడిగే పలక తన బరువు తప్ప వేరే బరువు మోయదు. దూలానికి ప్రమాదకరమైన గట్టి ముడి గోడ పలకకు అలంకారం కాగలదు. అమెరికాలో 1930–50ల మధ్య ముడులున్న పైన్ పలకలతో గదుల గోడలను కప్పడం విస్తృతంగా ఆదరణ పొందింది. ఇందుకు ఉదాహరణ కోసం అంత దూరం పోనవసరం కూడా లేదు. ఇంటి నిర్మాణానికి పనికిరాని మెత్తని పొనికి కర్ర నిర్మల్ బొమ్మలకు ఆధారమైంది. చింతగింజల జిగురు, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అక్కడి కళాకారులు అతుకులను పూడుస్తారు. చిన్న ముడుల సందులను పూడ్చడానికీ ఈ సూత్రమే వర్తిస్తుంది.

పలుచన చేయడంతో ముడిపడిన సమస్య

ఇది కేవలం వడ్రంగానికి సంబంధించిన విషయం కాదు. 2×2 మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 2,500 టేకు మొక్కలు పడతాయి. మొక్కజొన్నలో ఒత్తు మొక్కలను తీసివేసినట్లే, టేకు తోటలోనూ సుమారు 5వ, 10వ ఏట చెట్లను పలుచన చేయాలి. లేనిపక్షంలో వెలుతురు, నీరు, పోషకాల కోసం పోటీ పెరిగి ఏ చెట్టూ లావెక్కదు. తీసివేసిన చెట్లకు ధర రానప్పుడు రైతు ఈ పనిని వాయిదా వేస్తాడు. ఫలితంగా చివరి వరకు నిలవవలసిన మేలైన చెట్లు కూడా సన్నగానే మిగిలిపోతాయి. రెండవ పలుచనలో వచ్చే దుంగలకు గోడ పలకల రూపంలో గిరాకీ కల్పించగలిగితే, ఆ ఆదాయం తోట యాజమాన్యానికే ఊతమవుతుంది.

జాగ్రత్త వహించవలసిన అంశాలు

లేత టేకులో ముడి కంటే తెల్లచెక్క పెద్ద సమస్య. టేకు మన్నికంతా చేవలోనే ఉన్నది. తెల్లచెక్కను చెదలు, చెక్కను పిండిచేసే పెంకుపురుగులు ఆశిస్తాయి. చిన్న వయసు దుంగలో చేవ తక్కువ కనుక తెల్లచెక్కను కోసి తీసివేయాలి. లేదా బోరాక్స్, బోరిక్ ఆమ్లాల ద్రావణంతో శుద్ధి చేయాలి. కలప సంరక్షణ విధానాలను భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 401 వివరిస్తుంది.

రెండవ అంశం తేమ. పచ్చి పలకలను నీడలో, మధ్య మధ్య సమాన మందం గల బద్దెలు పెట్టి, గాలి ఆడేటట్లు పేర్చి ఆరబెట్టాలి. చివరలకు రంగు పూస్తే పగుళ్లు తగ్గుతాయి. వేసవి వడగాలులు నేరుగా తగలనీయరాదు. నేల తేమను కొలిచే ఓవెన్ ఉన్న ఏ ప్రయోగశాలలోనైనా కలప తేమను నిర్ధారించవచ్చు. 58 గ్రాముల ముక్క 103 డిగ్రీల సెల్సియస్ వద్ద స్థిర బరువుకు చేరేసరికి 50 గ్రాములైతే, పొడి బరువు ఆధారంగా దానిలోని తేమ 16 శాతం. ఇంటి లోపలి పనికి సుమారు 12 శాతం వరకు ఆరనివ్వడం మంచిది.

ఆరిన పలక కూడా వానకాలంలో ఉబ్బుతుంది. తేమ 6 శాతం పెరిగితే 80 మి.మీ. వెడల్పున్న టేకు పలక దాదాపు ఒక మి.మీ. వరకు పెరుగుతుంది. అటువంటి 40 పలకలను సందు లేకుండా బిగిస్తే ఆ పెరుగుదల మొత్తం 3 సెం.మీ. దాటి, పలకలు గోడ నుండి పైకి లేస్తాయి. అందువల్ల సన్నని పలకలనే ఎంచుకొని, ఒకదాని అంచు మరొకదాని గాడిలో కదిలేటట్లు అమర్చాలి. గోడకు ముందుగా బద్దెలు బిగిస్తే వెనుక గాలి ఆడుతుంది. చెమ్మ గోడలకు పలకలు తొడగరాదు. చిత్రిక పట్టేటప్పుడు ముడి వద్ద చెక్క చిట్లే అవకాశం ఉన్నందున పదునైన అలుగుతో పలుచగా తీయడం అవసరం.

విస్తరణ శాస్త్రవేత్తల పాత్ర

తోటలోనే దుంగలను గట్టి ముడులు, వదులు ముడులు, తెల్లచెక్క పరిమాణం ఆధారంగా వేరుచేయడం రైతుకు నేర్పితే బేరమాడే శక్తి పెరుగుతుంది. కొమ్మలు సన్నగా, పచ్చిగా ఉన్నప్పుడే కాండానికి దగ్గరగా, బెరడుకు గాయం కాకుండా కత్తిరిస్తే రాబోయే కలపలో ముడులు నడిమి భాగానికే పరిమితమవుతాయి. సొంత పొలంలోని చెట్లైనా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం నరికివేతకు, 1970 నాటి అటవీ ఉత్పత్తుల రవాణా నియమాల ప్రకారం తరలింపుకు కావలసిన అనుమతుల గురించి కూడా రైతుకు ముందే తెలియజేయాలి.

ముడి చెట్టు పెరుగుదలకు మిగిలిన ఆనవాలు మాత్రమే. అది లోపమో కాదో నిర్ణయించేది దాని వినియోగం. ఈ వివేచన రైతుకు అందితే, నేడు పొయ్యిలోకి పోతున్న టేకులో కొంత భాగమైనా గోడ మీద దశాబ్దాల పాటు నిలుస్తుంది.