కొత్త గిటారుకు పాత గొంతు

పాట వినునప్పుడు గాయకుని గొంతును, వేణువును, వయొలిన్‌ను మనము వెంటనే గుర్తింతుము. అడుగున నడచు మంద్రనాదమును గుర్తించువారు తక్కువ. అది ఆగినప్పుడు మాత్రము పాటకు ఏదో లోటు తోచును. నేటి బృందములలో ఆ నాదము తరచుగా బేస్ గిటారుది. దాని అడుగు తీగ సెకనుకు సుమారు 41 మారులు కంపించును. ఇంటి రేడియోలోని చిన్న స్పీకరు అంతటి మంద్రమును సరిగా పలికింపజాలదు. అయినను పై అనుస్వరములను ఆధారముగా గొని మన చెవియే మూలస్వరమును పూరించుకొనును.

బెళుగుప్పలో మాకు తెలిసిన యువకుడొకడు కలడు. వేరుశనగ చేతికి వచ్చిన యేడు ఇంటివారు అతనికి కొత్త బేస్ గిటారు కొనియిచ్చిరి. సాలుకు సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడు ఆ జిల్లాలో అట్టి యేడు తరచుగా రాదు. ఒకనాడు అతడు గరుకు కాగితము చేతబట్టి, రంగు గీకి దానిని పాత వాద్యమువలె మార్చెదననెను. మేము వారించి, పాతదనము ఎందున్నదో ముందు చూతమంటిమి.

1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ 'ప్రెసిషన్ బేస్' అను వాద్యమును వెలువరించెను. అంతకు ముందు మంద్రమునకు ప్రధానాధారము మెట్లు లేని నిలువెత్తు డబుల్ బేస్. మెట్లు పొదిగినందున స్వరము ఖచ్చితముగా పలికెను. ఆ పేరునకు కారణమదియే. నాటి తీగలు చదునైన లోహపు పట్టీ చుట్టిన నునుపు తీగలు. బ్రిడ్జిపై లోహపు మూత, దానిలోపల తీగలకు తగులు మెత్తని అడ్డు ఉండెడివి. అందుచే నాదము గుండ్రముగా పుట్టి త్వరగా అణగెడిది. మోటౌన్ పాటలలో జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేస్‌పై మందపు నునుపు తీగలను చూపుడువ్రేలితోనే మీటి పలికించిన నాదమిట్టిదే.

నేటి వాద్యములకు సాధారణముగా గరుకు తీగలుండును. కొన్నిటికి బ్యాటరీతో పనిచేయు వలయము కూడ కలదు. నాదము మెరుపుతో చాలసేపు మ్రోగును.

కావున చేయవలసినవి మూడు. నునుపు తీగలు కట్టవలెను. బ్రిడ్జి చెంత తీగల క్రింద స్పాంజి ముక్క నుంచవలెను. టోన్ తగ్గించి, కుడిచేతిని మెడవైపునకు జరిపి మీటవలెను. వీనిలో దేనినైనను ఒక్క పూటలో పూర్వస్థితికి తేవచ్చును.

ఒక హెచ్చరిక. నునుపు తీగల బిగువు తరచుగా హెచ్చు. మెడ ముందుకు వంగవచ్చును. మెడలోని ఉక్కు కమ్మిని ఒకమారు పావుచుట్టు మాత్రమే త్రిప్పి, ఒకనాడు ఆగి చూడవలెను. పొడి సీమలో వేసవి కొయ్య ముడుచుకొని మెట్ల కొనలు వ్రేళ్లకు గుచ్చుకొనును. సన్నని ఆకురాయితో కొనలను మాత్రమే నునుపు చేయవలెను. వీణ మెట్లు మైనముపై నిలుచును. మేళము కట్టువారు వానిని మరల అమర్పగలరు. గిటారు మెట్లు కొయ్యలో దిగగొట్టినవి. అతిగా అరగదీసిన మెట్టు మరల పెరుగదు.

మన పాలకొల్లులో జన్మించిన యు. శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌కు నాలుగు జంట తీగలకు బదులు అయిదు ఒంటి తీగలు కట్టుకొనెను. ఆ మార్పు గమకము కొరకు, వేషము కొరకు కాదు. పాత వాద్యముల రంగు ఏండ్ల తరబడి వాయించిన చేతుల రాపిడికి అరిగినది. గరుకు కాగితము ఆ యేండ్లను తేజాలదు; కొయ్యను చెమటకును దుమ్మునకును అప్పగించును, వాద్యము వెలను తగ్గించును.

అతడు మా మాట వినెను. విప్పిన తీగలను చుట్టి డబ్బాలో భద్రపరచితిమి. ఆ సాయంకాలము అతడు వాయించుచుండగా, అరుగుపై నున్న అతని జేజినాయన, "మద్దెల ఎవరప్పా వాయిస్తాండేది?" అని అడిగెను. గరుకు కాగితము ఇంటి తలుపునకు పనికివచ్చెను.