శాసనవాక్యార్థ నిర్ణయము – మీమాంసా న్యాయములు : కొల్లేటి సరిహద్దు వివాదము

వేదవాక్యములకు అర్థనిర్ణయము చేయుటకై ప్రవర్తించిన పూర్వమీమాంస కాలక్రమమున ధర్మశాస్త్ర వ్యాఖ్యాతలకు వ్యవహార నిర్ణయసాధనమైనది. మితాక్షరా దాయభాగముల కర్తలు దాయవిభాగ వివాదములను తేల్చుటకు జైమినీయ న్యాయములను ఆశ్రయించిరి. 1905 నాటి ఠాగూర్ న్యాయోపన్యాసములలో కిశోరీలాల్ సర్కార్ ఈ విషయమునే విస్తరించి నిరూపించెను. అయితే ఆ న్యాయములు నేటి పార్లమెంటు చట్టములకు ఎంతవరకు చెల్లును? వేదము అపౌరుషేయము, నిత్యము. చట్టము పౌరుషేయము, సవరణకు లోబడినది. ఈ భేదమును మరచినచో మీమాంసకుని నేర్పే అతనిని దారి తప్పించును.

మొదట సామ్యము చూడదగినది. లౌకిక వైదిక శబ్దములు భిన్నములు కావనియు, లోకప్రసిద్ధార్థమే గ్రాహ్యమనియు మీమాంసా సిద్ధాంతము. 1980 నాటి అటవీ సంరక్షణ చట్టములోని 'అడవి' అను పదమునకు అర్థమేమను ప్రశ్న గోదావర్మన్ కేసులో వచ్చినపుడు, సుప్రీంకోర్టు 12-12-1996న ఆ పదమును నిఘంటు ప్రసిద్ధార్థముననే గ్రహింపవలెనని తీర్పు చెప్పెను. భూమి ఎవరిదైనను అర్థము మారదు. ఇచట ప్రాచీన న్యాయము యథాతథముగా చెల్లినది. భేదము కొల్లేటి వివాదమున తెలియును. దానిని అధికరణ క్రమమున పరిశీలింపవచ్చును.

విషయము : 1972 నాటికి వన్యప్రాణి రక్షణ రాష్ట్ర జాబితాలోని అంశము. కావున రాజ్యాంగపు 252వ అధికరణము ననుసరించి ఆంధ్రప్రదేశ్ మొదలగు రాష్ట్రముల శాసనసభలు తీర్మానించి కోరగా, పార్లమెంటు ఉభయసభలు వన్యప్రాణి సంరక్షణ చట్టమును ఆమోదించెను. 9-9-1972న రాష్ట్రపతి సమ్మతి లభించెను. 1976 నాటి 42వ సవరణ ఈ అంశమును ఉమ్మడి జాబితాలో చేర్చినది. ఆ చట్టము ననుసరించి రాష్ట్రప్రభుత్వము 4-10-1999న 120వ నంబరు ఉత్తర్వు ద్వారా +5 అడుగుల కాంటూరు వరకు గల 308.55 చదరపు కిలోమీటర్ల కొల్లేటి ప్రదేశమును అభయారణ్యముగా ప్రకటించెను. మండవల్లి మొదలగు మండలములలోని జిరాయితీ భూములు, చేపల చెరువులు అనేకము ఆ పరిధిలో పడెను. సుప్రీంకోర్టు ఆదేశానుసారము 2006లో చెరువుల గట్లు తెగగొట్టబడెను. 2008లో రాష్ట్ర శాసనసభ సరిహద్దును +3 కాంటూరునకు కుదింపవలెనని తీర్మానించినది.

సంశయము : ఆ తీర్మానము మాత్రముననే సరిహద్దు మారునా, మారదా?

పూర్వపక్షము : మారును. చట్టమునకు మూలము శాసనసభల తీర్మానమే. అంతేకాక 1991లో చేర్చబడిన 26-ఎ సెక్షను, శాసనసభ తీర్మానము లేనిదే అభయారణ్యపు సరిహద్దు మార్చరాదని చెప్పినది. తీర్మానము ఉన్నది గనుక నిషేధము తొలగినది. వేలకొలది కుటుంబముల జీవనోపాధియు ఈ అర్థమునకే అనుకూలము.

సిద్ధాంతము : మారదు. 1-4-2003న అమలులోనికి వచ్చిన సవరణచే ఆ సెక్షనులో శాసనసభ తీర్మానమునకు బదులుగా జాతీయ వన్యప్రాణి మండలి సిఫారసు నిలిచినది. వేదమున తుల్యబలములైన రెండు వాక్యములు విరోధించినపుడు, రెండును ప్రమాణములే గనుక, అతిరాత్రమున షోడశి గ్రహణాగ్రహణములవలె వికల్పము చెప్పవలసివచ్చును. చట్టమున అట్లుగాదు. కర్తయే తన పూర్వవాక్యమును తొలగించి మరియొకటి నిలిపెను. తొలగిన వాక్యమునకు ప్రామాణ్యము లేదు. కావున వికల్పమునకు తావులేదు. శ్రుతి స్పష్టమైనపుడు ప్రకరణాదులు దానిని బాధింపజాలవు. 2008 నాటి తీర్మానము ప్రార్థనగా మాత్రమే నిలుచును. తరువాత కేంద్ర పర్యావరణశాఖ నియమించిన పి.ఎ. అజీజ్ సంఘము +5 పరిధినే నిలుపవలెనని సూచించినది.

ప్రయోజనము : జీవనోపాధి వాదము తేలికైనది కాదు. అయితే అది న్యాయస్థానమున శబ్దమునకు కొత్త అర్థము కల్పించుటచే తీరునది కాదు. జిరాయితీ హక్కులను కలెక్టరు విచారించు మార్గము, పరిహారముతో సేకరించు మార్గము అదే చట్టమున కలవు. సరిహద్దు మార్పునకు మండలి కలదు. చట్టమునే మార్చుటకు పార్లమెంటు కలదు. లంకగ్రామ రైతు ఏ ద్వారమున మొరపెట్టవలెనో తెలియకున్నచో అతని శ్రమ వ్యర్థమగును.

వేదార్థవిచారమున పాఠము సిద్ధము, అర్థమే సాధ్యము. చట్టవిచారమున ఏ పాఠము నేడు చెల్లుచున్నదో మొదట సాధింపవలెను. ఆ తరువాతనే జైమినీయ న్యాయములకు అవకాశము. మీమాంసను నేటి చట్టములతో జోడించి బోధించువారు విద్యార్థికి ముందుగా చెప్పవలసినది ఇదియే.