సున్న విలువ తెలిసిన సేనాని

హైదరాబాదు పోలీసు జట్టు నుండి కలకత్తాకు, అటనుండి ఢాకాకు సాగిన సయ్యద్ నయీముద్దీన్ క్రీడాయాత్ర

విశాఖపట్టణమున మల్కాపురము చేరువ ఓడల నిర్మాణశాలలో పనిచేయువారికి ఒక సంగతి చక్కగా తెలియును: ఉక్కురేకుల నడుమ వేసిన వెల్డింగు అతుకు గట్టిగా నిలిచినంతకాలము దానినిగూర్చి ఎవ్వరును మాటాడరు, నీరు లోనికి చిమ్మిననాడు మాత్రము ఆ అతుకు వేసినవాని పేరు విచారింతురు. ఫుట్‌బాల్ క్రీడలో డిఫెండరు స్థితియు నిట్టిదే. గోలు కొట్టినవాని పేరు మరునాటి పత్రికలో పెద్ద యక్షరములతో వెలువడును. గోలు పడనీయనివాని శ్రమకు మిగులునది ఎదుటిజట్టు పేరుప్రక్కనున్న సున్న యొక్కటే. ఆ సున్నను వ్రతముగా చేపట్టి, ఆట చాలించిన పిదప దానినే శిష్యులకు బోధించినవాడు సయ్యద్ నయీముద్దీన్.

రహీం తీర్చిన ఊరు

1944లో హైదరాబాదున జన్మించిన నయీముద్దీన్ యౌవనమున అడుగిడునాటికి, కలకత్తా, బొంబాయి క్లబ్బులు సైతము ఆ నగరపు ఆటగాండ్రను చూచి జంకుచుండెను. ఉపాధ్యాయవృత్తినుండి శిక్షకత్వమునకు వచ్చిన సయ్యద్ అబ్దుల్ రహీం నగర పోలీసు జట్టును తీర్చిదిద్ది, 1950 మొదలు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పును గెలిపించెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన నడిపిన భారతజట్టు కంచుపతకమునకై బల్గేరియాతో తలపడి, 0–3 తేడాతో ఓడి, నాలుగవ స్థానముతో తిరిగివచ్చెను. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణము సాధించిపెట్టిన మరుసటి యేడే రహీం కాన్సరుతో మరణించెను. ఆయన నెలకొల్పిన క్రమశిక్షణ మాత్రము ఆ మైదానములను విడువలేదు.

నయీముద్దీన్ ఆ పోలీసు జట్టునుండియే పైకివచ్చెను. ఉద్యోగమును ఆటయు ఒక్కచోట లభించుటచే పేదయింటి కుర్రవాడు నిశ్చింతగా సాధన చేయగలిగిన ఆ యేర్పాటు, నేడు మల్కాపురము చుట్టునున్న పెద్ద సంస్థలు తలపోయదగినది. 1966లో ఆయన కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బున చేరి, అనంతరము ఆ నగరపు మోహన్ బగాన్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకును ఆడెను. ఒకదానినొకటి ఓర్వలేని ఆ మూడు క్లబ్బులును హైదరాబాదు డిఫెండరును కోరుకొనుటకంటె ప్రశంసాపత్రము వేరొకటి యేల? 1970లో బాంకాక్ ఆసియా క్రీడలలో ఆయన నాయకత్వమున భారతజట్టు జపానును 1–0తో గెలిచి కంచుపతకము నందుకొనెను. ఆ సంవత్సరమే అర్జున పురస్కారము లభించెను.

గీత వెలుపలి కాపుదల

శిక్షకుడైన పిదప ఆయన స్వభావము మారలేదు. ముందువరుస ఆటగాడు పది అవకాశములు జారవిడిచి, పదునొకండవ దానితో మన్నన పొందవచ్చును. వెనుకవరుసవాని ఒక్క ఏమరుపాటునకు పరిహారము లేదు. ఈ యెరుకతో పెరిగినవాడగుటచే కాబోలు, దేహదార్ఢ్యమునందును సమయపాలనయందును ఆయన సడలింపు నెరుగడు. ఆ కాఠిన్యము అందరికిని రుచింపలేదు. స్వేచ్ఛ గోరు ప్రతిభావంతులకు అది బరువే. అయినను 1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన శిక్షణలో డ్యూరాండ్, రోవర్స్, ఐ.ఎఫ్.ఏ. షీల్డు మూడింటిని ఒక్క యేటనే గెలుచుకొనెను. ఆ సంవత్సరపు ద్రోణాచార్య పురస్కారము ఆయనకు దక్కెను. ఫుట్‌బాల్ శిక్షకులలో దాని నందుకొన్న ప్రథముడు ఆయనయే.

2005 డిసెంబరులో కరాచీయందు జరిగిన దక్షిణాసియా పోటీ అంతిమ సమరమున ఆయన శిష్యులైన భారత ఆటగాండ్రు బంగ్లాదేశ్‌ను 2–0తో ఓడించిరి. ఢాకా బ్రదర్స్ యూనియన్ క్లబ్బునకు శిక్షకుడుగా ఆ దేశమునకు ఆయన పరిచితుడే. 2007లో బంగ్లాదేశ్ తన జాతీయజట్టునే ఆయనకు అప్పగించెను. ఓడించినవానిని గురువుగా కోరుకొనిన ఆ నిర్ణయములో వివేకము కలదు.

మెల్బోర్న్‌లో సున్న మనకు మిగిలెను. బాంకాక్‌లోను కరాచీలోను ఎదుటివారికి మిగిలెను. మొదటిసారి దానిని ఆయన కాళ్లతో కాపాడెను, రెండవసారి తాను నేర్పిన శిష్యులచే కాపాడించెను. గోలుల సంఖ్యనుబట్టియే కుర్రవాండ్రను ఎంచుకొను పెద్దలు, వెనుక నిలిచి తోడివారి స్థానములను కేకవేసి సరిదిద్దువానిని గూడ గుర్తించుట మేలు. మైదానము మొత్తమును చూచు అలవాటు మొదట అలవడునది వానికే గనుక, రేపటి గురువు వానిలోనే దొరకవచ్చును.