పాత డాడ్జ్ పికప్‌లో ఛార్జింగ్ లోపం: వోల్టేజి ఎక్కడ పోతోంది?

బ్యాటరీ పదేపదే దిగిపోతున్న పాత పికప్ ట్రక్కుకు సాధారణంగా ఒకే రకం వైద్యం జరుగుతుంది. ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత ఆల్టర్నేటర్, ఆపైన రెగ్యులేటర్. డబ్బంతా ఖర్చయ్యాక కూడా హెడ్‌లైట్లు మసకగానే వెలుగుతుంటాయి. అమెరికాలో 1970ల నాటి డాడ్జ్ డి-సిరీస్ పికప్‌ల విషయంలో ఇలా జరగడానికి బలమైన కారణం ఉంది. వాటిలో విద్యుత్తును పుట్టించే యంత్రం బాగానే ఉండి, ఆ విద్యుత్తు నడిచే దారి చెడిపోవడం తరచు కనిపిస్తుంది. దారిలోని లోపం కంటికి ఆనదు, కొలతకే దొరుకుతుంది.

డాడ్జ్ మాతృసంస్థ క్రైస్లర్ 1960లో తన వేలియంట్ కారులో ఆల్టర్నేటర్‌ను అమర్చింది. అంతకుముందు వాడిన డైనమో, ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు దాదాపు ఏమీ ఇచ్చేది కాదు. రెండింటికీ మూలం 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణే. ఆల్టర్నేటర్‌లో రోటర్ మీది తీగచుట్టకు కార్బన్ బ్రష్‌ల ద్వారా కొద్దిపాటి కరెంటు అందుతుంది. అయస్కాంతంగా మారిన ఆ రోటర్ తిరుగుతుంటే చుట్టూ ఉన్న స్టేటర్‌లో మూడు ఫేజుల ఏసీ పుడుతుంది. ఆరు డయోడ్లు దాన్ని డీసీగా మారుస్తాయి. రోటర్‌కు వెళ్లే కరెంటును పెంచుతూ తగ్గిస్తూ వోల్టేజిని అదుపులో ఉంచడం రెగ్యులేటర్ పని.

పరిశీలన బ్యాటరీతోనే మొదలుకావాలి, ఎందుకంటే బలహీనమైన బ్యాటరీ తర్వాతి కొలతలన్నిటినీ తప్పుదారి పట్టిస్తుంది. బండి ఆపి కొన్ని గంటలయ్యాక, పూర్తిగా ఛార్జయిన బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర నిలుస్తుంది. 12.0 దగ్గరుంటే దానిలో మిగిలింది పావువంతే. దాన్ని విడిగా ఛార్జి చేశాక, బెల్టు బిగువు చూసి ఇంజిన్‌ను నిమిషానికి 1500 చుట్లకు పైగా తిప్పితే, బ్యాటరీ టెర్మినళ్ల మధ్య 13.8 నుంచి 14.5 వోల్టులు కనిపించాలి. వాతావరణం చల్లగా ఉంటే కొంచెం ఎక్కువే ఉండవచ్చు. అంకె 12.6 దాటకపోతే ఛార్జింగ్ జరగడం లేదని అర్థం.

ఇప్పుడు డాడ్జ్ నిర్మాణంలోని అసలు చిక్కు చూద్దాం. ఆల్టర్నేటర్ నుంచి బయలుదేరిన లావు నల్లతీగ నేరుగా బ్యాటరీకి పోదు. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న గోడలోని కనెక్టర్ గుండా లోపలికి వెళ్లి, డ్యాష్‌బోర్డు మీది ఆంపియర్ మీటరును చేరుతుంది. అక్కడి నుంచి ఎర్రతీగగా మళ్లీ అదే కనెక్టర్ గుండా బయటికొచ్చి బ్యాటరీని కలుస్తుంది. హెడ్‌లైట్లు, ఇగ్నిషన్ వంటి వాటికి కరెంటు లోపలే, నల్లతీగ నుంచి చీలిపోతుంది. అంటే ట్రక్కు వాడే కరెంటూ, బ్యాటరీకి చేరే కరెంటూ కలిసి కనెక్టర్‌లోని ఒక సన్నని పిన్ను మీదుగానే ప్రవహించాలి. దశాబ్దాల తేమ, తుప్పు ఆ పిన్ను దగ్గర నిరోధాన్ని పెంచుతాయి.

ఆ నిరోధం 0.05 ఓములే అనుకుందాం. 40 ఆంపియర్లు ప్రవహిస్తే అక్కడ 2 వోల్టులు పోతాయి, 80 వాట్ల వేడి పుడుతుంది. వేలెడంత ప్లాస్టిక్ కనెక్టర్‌లో అంత వేడి పుడితే అది కరిగిపోవడంలో ఆశ్చర్యం లేదు. ఆల్టర్నేటర్ దగ్గర 14 వోల్టులున్నా బ్యాటరీ దగ్గర 12 మాత్రమే కనిపించడానికి కారణం ఇదే. మామూలు మల్టీమీటరును ఓముల మీద పెట్టి ఈ లోపాన్ని పట్టుకోలేం. దాని తీగల నిరోధమే అంతకంటే ఎక్కువగా ఉంటుంది. అందుకే కరెంటు ప్రవహిస్తుండగా వోల్టేజి పతనాన్ని కొలవాలి. హెడ్‌లైట్లు, హీటరు ఫ్యాను వేసి ఇంజిన్ నడుస్తుండగా, మీటరు ఒక కొనను ఆల్టర్నేటర్ అవుట్‌పుట్ బోల్టుకు, మరో కొనను బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కు తాకించాలి. అంకె అర వోల్టు దాటితే దారిలో లోపం ఉన్నట్టే. ఆల్టర్నేటర్ ఒంటి నుంచి బ్యాటరీ మైనస్‌కు కొలిస్తే 0.2 వోల్టులకు మించకూడదు. మొత్తం పరిశీలనలో నేను అన్నిటికంటే విలువైనదిగా భావించేది ఈ కొలతనే. నిమిషంలో అయిపోయే పనిని ఎందరో వదిలేయడం బాధాకరం.

దారి బాగుండి కూడా వోల్టేజి లేవకపోతే అనుమానం రోటర్ వలయం మీదికి మళ్లుతుంది. 1970 తర్వాతి ఈ ఆల్టర్నేటర్లకు రెండు ఫీల్డు తీగలుంటాయి. నీలం తీగ ఇగ్నిషన్ నుంచి కరెంటు తెస్తుంది, పచ్చతీగను రెగ్యులేటర్ ఎర్త్ చేస్తుంది. తాళం తిప్పినప్పుడు నీలం తీగలో వోల్టేజి ఉందని నిర్ధారించుకుని, పచ్చతీగను ఊడదీసి, అది ఉన్న టెర్మినల్‌ను కొద్ది క్షణాలు ఎర్త్‌కు కలపాలి. వోల్టేజి గబగబా పెరిగితే ఆల్టర్నేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టు, లోపం రెగ్యులేటర్‌లోనో దాని తీగల్లోనో ఉన్నట్టు. పెరుగుదల 16 వోల్టులకు చేరేలోపే ఆపేయాలి. పొరపాటున నీలం వైపు ఎర్త్ చేస్తే షార్ట్ అవుతుంది.

దీనికి పూర్తిగా విరుద్ధమైన రోగం కూడా ఇదే కుటుంబానిది. రెగ్యులేటర్ బ్యాటరీని నేరుగా చూడదు, ఇగ్నిషన్ స్విచ్చి దాటి వచ్చిన వోల్టేజిని చూస్తుంది. స్విచ్చి కొనలు అరిగి ఒక వోల్టు పోతే, వోల్టేజి చాలడం లేదనుకుని ఆల్టర్నేటర్‌ను మరింత తోస్తుంది. బ్యాటరీకి 15 వోల్టులు దాటి అందుతాయి, ద్రావకం మరిగిపోతుంది. రెగ్యులేటర్ ఒంటికి ఎర్త్ సరిగా లేకపోయినా ఇంతే.

మిగిలింది డయోడ్ల సంగతి. ఒక డయోడు తెగినా తక్కువ లోడు మీద వోల్టేజి మామూలుగానే కనిపించవచ్చు. ఇంజిన్ నడుస్తుండగా మల్టీమీటరును ఏసీకి మార్చి బ్యాటరీ మీద కొలిస్తే, అర వోల్టుకు మించిన అంకె దాన్ని పట్టిస్తుంది. డయోడు లీకైతే రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతుంది.

ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే పాత అలవాటును మాత్రం పూర్తిగా మానాలి. బ్యాటరీ ఆసరా పోగానే వోల్టేజి ఎగసి డయోడ్లనూ ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్‌నూ కాల్చేస్తుంది. ఆల్టర్నేటర్‌ను విప్పాల్సి వస్తే ముందు ఇంజిన్ ఆపి, బ్యాటరీ మైనస్ తీగను తీసేయాలి. తాళం తీసి ఉన్నా దాని అవుట్‌పుట్ బోల్టుకు బ్యాటరీ వోల్టేజి అందుతూనే ఉంటుంది.