పిడికెడు మట్టిలో పరిశోధనశాల

కుళ్లిన వంకాయ కంటబడితే మనం ముక్కు మూసుకొని దూరంగా విసరివేస్తాం. 2010లో దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంలో ఒక విద్యార్థిని అలా చేయలేదు. కుళ్లిన వంకాయకు అంటుకొన్న మురికిని కాస్త సేకరించి ప్రయోగశాలకు తీసుకువెళ్లింది. అందులో ఆమెకు కంటికి కనిపించని ఒక వైరస్ దొరికింది. దానికి ‘మడ్డీ’ అని పేరు పెట్టారు.

ఎనిమిదేళ్లు గడిచాయి. బ్రిటన్‌లో ఊపిరితిత్తుల మార్పిడి చేయించుకొన్న 15 ఏళ్ల బాలిక ఒకరు ప్రాణాపాయ స్థితికి చేరుకొంది. క్షయ కారక బ్యాక్టీరియాకు దాయాది వంటి మరొక సూక్ష్మజీవి ఆమె శరీరమంతటా వ్యాపించింది. ఏ యాంటీబయాటిక్ కూడా పనిచేయలేదు. 2018లో మడ్డీని, మరి రెండు వైరస్‌లను కలిపి ఆమె రక్తనాళంలోకి ఎక్కించారు. మానని గాయం మానింది. కాలేయం కుదుటపడింది. వ్యాధి సమూలంగా పోకపోయినా ఆమె ఆరోగ్యం స్పష్టంగా మెరుగుపడింది. 2019లో ‘నేచర్ మెడిసిన్’ పత్రిక ఈ వివరాలను ప్రచురించింది.

ఒక విద్యార్థిని పాఠంలో భాగంగా చేసిన పని ఒక రోగికి ఔషధమయింది. చదువు ఇలా కూడా ఉండవచ్చునని మనం ఎప్పుడైనా ఆలోచించామా?

బడి పిల్లలకు అసలైన ప్రశ్న

బ్యాక్టీరియాపై దాడి చేసి నశింపజేసే వైరస్‌లను బ్యాక్టీరియోఫేజ్‌లు లేదా ఫేజ్‌లు అంటారు. అమెరికాలోని పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ ఆచార్యులు గ్రాహం హాట్‌ఫుల్ వీటి అన్వేషణలో ఉన్నత పాఠశాల విద్యార్థులను కూడా భాగస్వాములను చేశారు. 2003లో ఆయన బృందం ‘సెల్’ పత్రికలో 10 కొత్త ఫేజ్‌ల జన్యు వివరాలను వెల్లడించింది. వాటిలో ‘చే8’ వంటివి మన పొరుగున ఉన్న చెన్నైలో దొరికినవే. 2006లో ‘ప్లోస్ జెనెటిక్స్’ పత్రికలో వెలువడిన మరో పరిశోధన, ఇటువంటి పనిని బోధనా పద్ధతిగా ఎలా మలచవచ్చునో చూపింది. 2008 నుండి ఈ విధానం డిగ్రీ కళాశాలలకు విస్తరించింది.

ఇందులో విద్యార్థి చేసే పని కష్టమైనదే గాని అర్థం కానిది కాదు. మొదట పిడికెడు మట్టి తీసుకొని ద్రవంలో కలుపుతాడు. అతి సూక్ష్మ రంధ్రాల వడపోతతో బ్యాక్టీరియాను తొలగిస్తాడు. ఫేజ్‌లు మాత్రం ఆ రంధ్రాల గుండా దిగిపోతాయి. ఆ ద్రవాన్ని మైకోబాక్టీరియం స్మెగ్మాటిస్ అనే బ్యాక్టీరియాతో కలిపి అగార్ పళ్లెంపై పోస్తాడు. ఇది క్షయ బ్యాక్టీరియాకు చుట్టమే, కాని సాధారణంగా హాని చేయదు. పైగా క్షయ బ్యాక్టీరియా రెట్టింపు కావడానికి సుమారు 20 గంటలు పడితే, దీనికి 3 గంటలు చాలు.

ఒకటి రెండు రోజుల్లో పళ్లెమంతా బ్యాక్టీరియా పొరలా పరచుకొంటుంది. ఫేజ్ ఉన్న చోట మాత్రం ఆ పొరలో గాజులా తేటపడిన చిన్న మచ్చ కనిపిస్తుంది. ఆ మచ్చ కనబడే వరకు కొందరు మళ్లీ మళ్లీ మట్టి తేవలసి వస్తుంది. సహనాన్ని నేర్పడానికి ఇంతకంటె మంచి పాఠం ఏముంటుంది? దొరికిన ఫేజ్‌కు పేరు పెట్టే హక్కు కనుగొన్న విద్యార్థిదే.

నాలుగక్షరాల గ్రంథం

తరువాతి పని కంప్యూటర్‌పై సాగుతుంది. ఫేజ్ డీఎన్ఏ ఎ, టి, జి, సి అనే నాలుగక్షరాలతో రాసిన గ్రంథం వంటిది. దీనిలో సుమారు 40 వేల నుండి లక్షన్నరకు పైగా అక్షరాలుంటాయి, కాని పదాల మధ్య ఖాళీలుండవు. ఒక్కొక్క జన్యువు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో విద్యార్థి గుర్తించాలి. కంప్యూటర్ ఒక అంచనా ఇస్తుంది. అది సరైనదో కాదో ఆధారాలు చూసి తేల్చవలసినది విద్యార్థి. 1990లో రూపొందిన ‘బ్లాస్ట్’ అనే ఉపకరణంతో ఆ జన్యువును ప్రపంచమంతటి జన్యు సమాచారంతో పోల్చి చూస్తాడు. జీవశాస్త్రాన్ని, గణనను కలిపే ఈ విద్యనే బయోఇన్ఫర్మాటిక్స్ అంటారు.

ఇది ఉత్త అక్షరాల లెక్క కాదు. ఆ బాలికకు ఇచ్చిన మిగతా రెండు ఫేజ్‌లు సహజంగా బ్యాక్టీరియాను చంపకుండా దానిలో నిద్రాణంగా ఉండిపోగలవు. అందుకు కారణమైన జన్యువును గుర్తించి తొలగించిన తరువాతనే అవి ఔషధంగా పనికివచ్చాయి. ఆ జన్యువు చోటు తెలియకపోతే చికిత్సే లేదు.

మన ఇళ్లలో

మన పిల్లల్లో బైపీసీ చదివేవారు ఎందరో ఉన్నారు. వారు ఫేజ్ బొమ్మ గీస్తారు, భాగాలు గుర్తిస్తారు, మార్కులు తెచ్చుకొంటారు. కాని జవాబు ఎవరికీ తెలియని ప్రశ్నను ఒక్కటైనా ఎదుర్కొన్నారా? దీనివల్ల నీట్‌లో ర్యాంకు వస్తుందా అని తల్లిదండ్రులు అడగవచ్చు. నేరుగా రాకపోవచ్చు. కాని రేపు వైద్యుడై రోగి ఎదుట కూర్చున్నప్పుడు, పుస్తకంలో లేని సమస్య వస్తే ఆధారాలు వెదికి ఆలోచించే అలవాటు ఇలాంటి చోటనే ఏర్పడుతుంది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఇంట్లో బ్యాక్టీరియాను పళ్లేలలో పెంచడం ప్రమాదకరం. అది శిక్షణ పొందిన అధ్యాపకుల పర్యవేక్షణలో, వాడిన సామగ్రినంతా ఆవిరి పీడనంతో శుద్ధి చేయగల ప్రయోగశాలలోనే జరగాలి. ఇంట్లో చేయదగినవి వేరే ఉన్నాయి. ఒకే పాలను రెండు గిన్నెల్లో తోడుపెట్టి, ఒకటి వెచ్చని చోట, మరొకటి చల్లని చోట ఉంచి, ఏది ఎన్ని గంటలకు పేరుకొన్నదో మన అమ్మాయి, అబ్బాయి నోటుపుస్తకంలో రాయవచ్చు. ఇంటర్నెట్ ఉంటే ‘బ్లాస్ట్’ను ఉచితంగా వాడవచ్చు. దగ్గరలోని కళాశాల మైక్రోబయాలజీ విభాగం సెలవుల్లో పిల్లలను రానిస్తుందేమో బడి యాజమాన్యం అడగవచ్చు.

ఈసారి మన పాప పెరటి మట్టిని డబ్బాలో పోసుకొని వస్తే కసురుకోకముందు ఒక్క మాట అడుగుదాం: “ఇందులో ఏం వెదుకుతున్నావమ్మా?” తరువాత చేతులు సబ్బుతో కడుక్కోమని చెబుదాం.