వెన్నుపూసలు కట్టబడే రోజులు

నాట్లు వేసేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు, బిడ్డను చంకనెత్తుకొనేటప్పుడు మన బరువు మోసేది వెన్నెముక. ఇది తల్లి గర్భములో ఎప్పుడు, ఎలా తయారవుతుందో తెలుసుకొనుట ప్రతి కుటుంబానికి అవసరము.

మూడవ వారములో పిండము నడుమ మెత్తని సన్నని కడ్డీ వంటిది ఏర్పడుతుంది. దానికి వీపు వైపున కణాల పొర ముడుచుకొని గొట్టముగా మూసుకొంటుంది. ఈ గొట్టమే తరువాత మెదడు, వెన్నుపాము అవుతుంది. సుమారు 20వ రోజు నుండి దానికి ఇరుప్రక్కల చిన్న కణపు ముద్దలు జంటలు జంటలుగా, తల వైపు నుండి క్రిందికి వరుసగా పుడతాయి. అయిదవ వారము ముగిసేసరికి ఇవి 42 నుండి 44 జంటలవుతాయి.

ఈ ముద్దలలోని కొన్ని కణాలు కడ్డీ చుట్టూ, గొట్టము చుట్టూ చేరి పూసలకు పునాది వేస్తాయి. అయితే ఒక ముద్ద ఒక పూస కాదు. పై ముద్ద క్రింది సగము, క్రింది ముద్ద పై సగము కలిసి ఒక పూస అవుతుంది. ముద్దలోని కండర భాగము మాత్రము చీలక రెండు పూసలను కలుపుతూ నిలుస్తుంది. అందుచేతనే మనము వంగగలుగుతున్నాము. మెత్తని పూసలు రెండవ నెల చివర నుండి ఎముకగా మారనారంభించి, పూర్తిగా గట్టిపడేసరికి సుమారు 25 ఏళ్ళు పడుతుంది.

ఇప్పుడు ముఖ్య సంగతి. ఆ గొట్టము 28వ రోజుకల్లా మూసుకొనవలెను. నెల తప్పిందని తల్లి గ్రహించేసరికి ఆ గడువు దాదాపు దాటిపోతుంది. గొట్టము మూసుకొనని చోట పూసల వెనుక భాగము కూడా కలవదు. బిడ్డ వీపు మీద సంచి వంటి వాపుతో, కాళ్ళలో బలము లేక పుట్టవచ్చును. దీనిని స్పైనా బైఫిడా అంటారు.

గ్రహణము పట్టిందనీ, తల్లి చేసిన పాపమనీ చెప్పే మాటలు మనము నమ్మరాదు. ఆ తల్లిని నిందింపరాదు. 1991లో బ్రిటన్ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ ఒక పరిశోధన ఫలితము ప్రకటించినది. ఇటువంటి బిడ్డను లోగడ కన్న తల్లులు మరల గర్భము ధరించక ముందు నుండే ఫోలిక్ యాసిడ్ వాడగా, ఈ లోపము 72 శాతము తగ్గినది.

కనుక బిడ్డను కోరుకొనే స్త్రీలు కనీసము ఒక నెల ముందు నుండి మూడవ నెల నిండే వరకు రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ తీసుకొనవలెను. లోగడ అట్టి బిడ్డ పుట్టి ఉంటే ఎక్కువ మోతాదు అవసరము, ముందుగానే డాక్టరును అడగండి. తోటకూర, పాలకూర, పెసలు, శనగలు మంచివే గాని అవి మాత్రమే చాలవు.

కూతురి పెండ్లికి చీరలు, గిన్నెలు సమకూర్చే మనము ఈ చిన్న మాత్రను కూడా మరువకుందుము గాక.